నల్ల కుక్కకి నలుపెందుకు

ఆగండి, చేతిలో ఫోన్ కాసేపు పక్కన పెట్టి ఇది వినండి. 2021 డిసెంబరు, సూరత్‌లో రెండో వేవ్ తర్వాత మొదటి డాగ్ షో జరిగిన రోజు.

మధ్యాహ్నం రెండింటికి అడాజన్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ కోమలి ఆఫీసుకి బ్యాంకు ఉద్యోగిని అనంతలక్ష్మి పరుగున వచ్చింది. వెంట నల్ల లాబ్రడార్ బంటి. పొద్దున షో రింగులో జడ్జి వాడి వీపు నిమిరితే తెల్ల గ్లవుజుకి నల్ల పొడి అంటింది. కుక్కకి రంగు పూశావని ఆమెని బయటికి పంపేశారు.

"అయిదింటికి కమిటీ కూర్చుంటుందండీ. మూడేళ్ళు నిషేధమట. అప్పటికి బంటి ముసలాడైపోతాడు."

"వీణ్ణి ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ ముట్టుకోలేదండీ. కోవిడ్ రూలు కదా, ఎవరి కుక్క వాళ్ళదే, ఎవరి సామాను వాళ్ళదే."

కోమలి ఆమె సంచి తెరిచింది. శానిటైజరు, నీళ్ళసీసా, ఉడికించిన కార్జం ముక్కలు. తర్వాత తడిగుడ్డతో బంటి వీపు తుడిచింది. పొడి పోయాక కూడా నలుపే.

"నల్ల కుక్కకి నలుపెందుకు పూస్తారు, కిరీటీ?"

అసిస్టెంటు కిరీటికి ఒళ్ళు పులకరించింది. ఇంత చిన్న ప్రశ్న తనకెందుకు తట్టలేదు?

మైదానంలో మాత్రం గంటన్నర తిరిగినా ఏమీ దొరకలేదు. పొమరేనియన్‌ని ఎత్తుకున్న మరో పోటీదారు రాధ నవ్వింది. "ఇక్కడ ఓడినవాళ్ళే ముందొచ్చి గెలిచినవాళ్ళకి చేయి కలుపుతారండీ. ఇప్పుడు మోచెయ్యి. ఒకళ్ళమీద ఒకళ్ళం చెప్పుకోం."

పక్కనే నిలబడ్డ, పర్వత్ పాటియాలో చీరల గోదాము సూపర్‌వైజరు జితేందర్‌దీ అదే మాట. "అక్క అసొంటిది కాదు మేడమ్. జర గా కమిటీకి చెప్పుండ్రి."

అతని నల్ల లాబ్రడార్ షేరూ మెడకి అంత ఎండలోనూ గుడ్డ కట్టి ఉంది.

"ఇదేంటి?"

"చొల్లు కారుస్తడు మేడమ్, గందుకే."

కోమలి గుడ్డని వేలితో తాకింది. పొడిగా ఉంది.

"ఇంత మర్యాదస్తుల్ని ఎక్కడా చూళ్ళేదు మేడమ్. తల గోడకేసి కొట్టుకోవాలనుంది," అన్నాడు కిరీటి.

అయిదింటికి కోమలి అందరినీ టెంటులో కూర్చోబెట్టింది.

"రింగులోకి వెళ్ళేముందు కుక్కని దువ్వకుండా ఎవరూ వెళ్ళరు. కానీ ఈమె సంచిలో బ్రష్ లేదు. మర్చిపోయింది. అడిగితే కాదనకుండా ఇవ్వడం మీలో మర్యాద, రూలు ఉన్నా సరే. పొడి వచ్చింది ఆ బ్రష్‌లోంచి. తెలుపు దాచాల్సినవాళ్ళ బ్రష్ అది."

షేరూ గుడ్డ విప్పి ఛాతీని తడిగుడ్డతో గట్టిగా రుద్దింది. అరచేయంత తెల్లమచ్చ బయటపడింది. "నల్ల లాబ్రడార్‌కి ఇంత తెల్లమచ్చ ఉంటే పోటీకి పనికిరాదు. దీనిమీద పొడి రాసి స్ప్రే కొట్టారు, అందుకే జడ్జి చేతికి అంటలేదు. బ్రష్‌లో మిగిలింది మాత్రం బంటికి అంటింది."

జితేందర్ తల దించుకున్నాడు.

క్లబ్బు కార్యదర్శి మల్లికార్జునరావు కాగితం తీశారు. "షేరూ రింగు పొద్దున్నే ముగిసింది. సాటి పోటీదారు రాసిస్తేనే దాన్ని తిరగదోడగలం. అనంతలక్ష్మిగారూ, బ్రష్ జితేందర్‌దేనని సంతకం పెట్టండి. నిషేధం అతనికి పడుతుంది. లేదంటే మీకే."

అనంతలక్ష్మి కలం అందుకుంది.

"ఏప్రిల్లో కోవిడ్‌తో పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నానండీ. మా అపార్ట్‌మెంటులో ఎవరూ నా గుమ్మం తొక్కలేదు. జితేందరే వచ్చి బంటిని తీసుకెళ్ళి సాకాడు."

"అదీ ఇదీ ఒకటి కాదు," అంది కోమలి విసుగ్గా. "తప్పు అతనిది. మూడేళ్ళు మీవి."

"తెలుసండీ."

ఆమె కలం బల్లమీద పెట్టేసి బంటి తాడు పట్టుకుని బయటికి నడిచింది. జితేందర్ అప్పుడూ తలెత్తలేదు. తేల్చిన కేసు అలా చేజారిపోతుంటే కిరీటి కోపంతో కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

మీరైతే ఆ సంతకం పెట్టేవారా?