చేదుదీవికి కట్టిన మూట

కొండల నడుమ వేగినాడు అనే రాజ్యం ఉండేది. అక్కడి వైద్యులకు చుట్టుపక్కల దేశాల్లో ఎంతో పేరు. ఆ పేరే వాళ్ళకు చేటు తెచ్చింది. సముద్రం మధ్యలోని ఒక దీవిలో మాంత్రికుడి శాపం వల్ల నీళ్ళన్నీ చేదెక్కాయనీ, పసిపిల్లలు బతకడం లేదనీ, సాయం చేయమనీ కబురొచ్చింది. అయిదేళ్ళు అక్కడే ఉండి వైద్యం చేస్తామని మాట ఇచ్చి ఒకరి తర్వాత ఒకరు బయలుదేరారు. ఒక్కరూ తిరిగి రాలేదు. చివరికి రాజు చాటింపు వేయిస్తే, ఇల్లు దాటి బయటికొచ్చిన మనిషి లేడు.

నాంచారి ఒక్కతే వచ్చింది. దీవిలో సేవ చేస్తానని రాజుగారికి మాట ఇచ్చింది. పిల్లలూ, మీ దగ్గర దాచడమెందుకు, ఆమె వెళ్ళింది అక్క బాయమ్మ కోసం. బాయమ్మ ఆ దీవికి వెళ్ళి గడువు దాటిపోయింది. ఆమె బతికి ఉందో లేదో ఎవరికీ తెలియదు.

వేగినాడులో ఒక కట్టుబాటు ఉంది. పరాయిచోటికి మేలు చేయడానికి వెళ్ళినవాళ్ళు అక్కడి మెతుకు తినకూడదు, అక్కడి నీటిచుక్క తాగకూడదు. సాయానికి వెళ్ళి బరువు కాకూడదని దాని అర్థం. అందుకే ప్రయాణమంటే మూట కట్టడమే పెద్ద పని. అక్కడ చల్లుకోవడానికి విత్తనాలు, అవి పండేదాకా అటుకులు, వాన పడేదాకా సొరబుర్రలో నీళ్ళు. వాన పడకపోతే ఏం చేయాలని ఎవరూ అడగలేదు. మంచివాళ్ళే, కానీ మనిషికి ఆమాత్రం ఆలోచన ఉండాలి కదా.

తల్లి మామిడి ఒరుగులు కుక్కుతూనే ఉంది. మందుల సంచీ, బొంత, చీరలు అన్నీ కలిసి మూట నాంచారి నడుము దాకా లేచింది.

"చాలమ్మా, మోసేది నేను" అంది నాంచారి.

"మోయలేకపోతే ఈడ్చుకుపో. పరాయి ముద్ద మాత్రం ముట్టకు. మీ అక్కకీ ఇదే చెప్పి పంపాను" అంది తల్లి. ఆ మాట అన్నాక ఆమె మూట ముడి వేయలేకపోయింది. నాంచారే వేసుకుంది.

అడవి నడిమధ్యలో ఒక రాక్షసుడు దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"నిన్ను తిననా, నీ మూట తిననా?" అని అడిగాడు.

"మూటలో తిండి తిను. మందులు మాత్రం ముట్టుకోకు."

"ఒరుగులున్నాయా?"

"ఉన్నాయి."

వాడు ఒరుగులు తిన్నాడు, అటుకులు తిన్నాడు, విత్తనాలు కూడా నమిలేసి త్రేన్చి దారి ఇచ్చాడు. ఇక ఆ దీవిలో తను తినడానికి ఏమీ లేదని నాంచారికి తెలుసు. ఏడుస్తూనే నడిచింది.

సముద్రపు ఒడ్డున, దీవి పేరు చెబితే ఏ పడవవాడూ ఎక్కించుకోలేదు. ఒక ముసలి తాబేలు జాలిపడి వీపు మీద కూర్చోబెట్టుకుంది. నడిసముద్రంలో దానికి ఆయాసం వచ్చింది.

"అమ్మాయీ, మునిగిపోతున్నాను. మూటైనా పారెయ్, నువ్వైనా దిగు."

నాంచారి బొంత విసిరేసింది, చీరలు విసిరేసింది. అయినా తాబేలు తల నీళ్ళలోకి పోతూనే ఉంది.

"ఇవి మందులు. ఇవి లేకపోతే నేను అక్కడికి వెళ్ళడమెందుకు?"

"నాకేం తెలుసు? నేను తాబేలుని" అంది అది.

మందుల సంచీ నీళ్ళలోకి జారిపోతుంటే నాంచారి అటు చూడలేదు. సొరబుర్ర ఒక్కటే ఒళ్ళో పెట్టుకుంది.

దీవి ఒడ్డున ఉప్పుబొమ్మలు వరసగా కూర్చుని ఉన్నాయి. ప్రతి బొమ్మ పక్కనా ఖాళీ మూటగుడ్డ గాలికి కొట్టుకుంటోంది. అవి బొమ్మలు కావు, వేగినాడు వైద్యులు. తెచ్చుకున్న నీళ్ళు అయిపోయినా, దీవి నీళ్ళు తాగకుండా కట్టుబాటు పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఆ శాపానికే అలాగే ఉప్పుగా మారిపోయారు. చివరి బొమ్మ బాయమ్మ.

తమ ఊరి నీళ్ళు తగిలితే అక్క లేస్తుందని నాంచారికి ఆశ పుట్టింది. సొరబుర్రలో ఉన్నదంతా బాయమ్మ ముఖం మీద పోసింది. బాయమ్మ లేవలేదు. ఎడమ చెంప కరిగి ఇసుకలోకి కారిపోయింది.

నాంచారి ఆ చెంపను అరచేత్తో అదుముకుని కూర్చుంది. అక్కను కాపాడదామని ఇంత దూరం వచ్చి, తన చేతులతోనే కరిగించింది. తిండి లేదు, మందు లేదు, చుక్క నీళ్ళు లేవు. ఇంతకన్నా పనికిమాలిన మనిషి ఎక్కడా ఉండదనుకుంది. చచ్చిపోయినా బాగుండుననిపించింది. చూస్తుండగానే ఆమె కాలివేళ్ళు తెల్లగా ఉప్పు కట్టడం మొదలైంది.

దూరంగా ఒక ముసలామె బిందెతో నిలబడి ఉంది. దగ్గరికి రావడం లేదు, వెళ్ళిపోవడం లేదు. ఇక వీళ్ళకు బరువవుతానేమోనన్న బెంగ కూడా నాంచారికి మిగల్లేదు. గొంతు ఎండిపోయింది, అంతే.

"అవ్వా, కాసిని నీళ్ళు పోస్తావా?"

ముసలామె బెదిరిపోయింది. "మా నీళ్ళు చేదు తల్లీ. వచ్చినోళ్ళకి ఇట్టాంటి నీళ్ళు ఎట్టా ఇస్తాం? ఇంతమంది వచ్చారు, ఒక్కరూ అడగలేదు. సిగ్గుతో మేమూ ఇయ్యలేదు."

"చేదైనా ఫర్వాలేదు, పొయ్యి."

దోసిలి పట్టి తాగింది. కడుపులో తిప్పింది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అయినా ఆపలేదు. మళ్ళీ దోసిలి పట్టింది. రెండో దోసిలి చేదుగా లేదు.

ఆ శాపానికి విరుగుడు ఒకటి ఉంది. పరాయివాళ్ళెవరైనా నోరు తెరిచి ఆ నీళ్ళు అడిగి తాగాలి. మాంత్రికుడు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా చచ్చాడు.

ఒడ్డు పొడుగునా ఉప్పు రాలి మనుషులు లేచారు. బాయమ్మ ఎడమ చెంప సొట్ట పడింది కానీ ప్రాణంతో లేచి చెల్లెల్ని కావలించుకుంది. దీవిలో ఆ రోజు పసిపిల్లలు కడుపునిండా నీళ్ళు తాగి నిద్రపోయారు.

కబురు తెలిసి పడవలు వచ్చాయి. ఉప్పుబొమ్మలుగా ఉండగానే అయిదేళ్ళ గడువు ముగిసిపోయిన వైద్యులంతా ఇంటికి బయలుదేరారు. నాంచారి గడువు అప్పుడే మొదలైంది. మందులు లేకపోయినా మాట ఇచ్చింది కదా, ఆకులూ వేళ్ళూ అక్కడి ముసలివాళ్ళను అడిగి నేర్చుకోవాలి. తర్వాతి కాలంలో ఆ దీవి రాజు ఆమెను పెళ్ళాడాడు, కానీ ఆ రోజు రేవులో ఆ సంగతి ఆమెకు తెలియదు. దొరికిన అక్క మళ్ళీ దూరమవుతుంటే గుండె పగిలేలా ఏడ్చింది, అంతే.

పడవ ఎక్కుతూ బాయమ్మ ఆగింది. "అమ్మ అడిగితే నీ గురించి ఏం చెప్పనే?"

నాంచారి ముఖం తుడుచుకుంది.

"ఇక్కడోళ్ళు పెడుతున్నారనీ, అడిగి మరీ తింటున్నాననీ చెప్పు అక్కా."