ఏనుగులొచ్చే దారి

మొక్కజొన్న చేను గట్టు మీద, ముసురులో తడుస్తూ, సుహాసిని చెట్టుకి కెమెరా కడుతోంది.

"ఓ మేడమ్! ఆ సెట్టుకి ఏటి కడతన్నారు?"

చేలోంచి వచ్చిన కుర్రాడు తల మీద యూరియా సంచి కప్పుకున్నాడు. పేరు ధనరాజ్.

"విజయనగరంలో డేటా సైన్స్ చదువుతున్నానండి. ఏనుగుల మంద ఎక్కడ తిరిగింది, ఏ పంట ఎక్కడుంది, వానెంత పడింది, ఇవన్నీ కంప్యూటర్‌కి ఇస్తే రేపు ఎటొస్తాయో ముందే చెప్పొచ్చు."

"ఏనుగులు ఫోన్ సేసి సెప్తాయేటండి?"

"నేను మెసేజ్ పెడతాను."

"అయితే నా నంబరు రాసుకోండి మరి," అన్నాడు ఎంతో అమాయకంగా.

సుహాసిని గుర్రుగా చూసింది. కానీ రాసుకుంది.

రోజూ పొద్దున్నే అతను ఏనుగు అడుగుల ఫొటోలు పంపేవాడు. కింద తప్పకుండా ఒక ప్రశ్న: "టిఫిన్ అయిందా?" ఆమె జవాబిచ్చేది కాదు. కొన్నాళ్ళకి అడుగుల కంటే ముందు టిఫిన్ సంగతి ఆమే అడగసాగింది.

కిందటేడు ఏనుగు తొక్కి ఒక రైతు పోయిన ఊరది. ఆమె హెచ్చరికలు అందరి ఫోన్లకీ రావడం మొదలయ్యాక జనం రాత్రి కాపలాలు మానేశారు. సుహాసిని సంబరపడింది.

శ్రావణంలో ఒక సాయంత్రం మెసేజ్ వచ్చింది. మంద గంగులు చేను వైపు వస్తోందని. గంగులు ధనరాజ్ మేనమామ. చదువు రాదు. ధనరాజే చదివి వినిపించాడు.

"ఇంట్లోనే ఉండు మావా."

గంగులు ఇంట్లోనే ఉన్నాడు. చేను చుట్టూ తీగ లాగి, దానికి కరెంటు పెట్టి వచ్చాక.

తెల్లారేసరికి చేలో ఆడ ఏనుగు చచ్చిపడి ఉంది. ఏనుగు గున్న ఒకటి వానలో దాన్ని తొండంతో లేపుతోంది.

"నా మెసేజ్ చూసే కదా..." అంది సుహాసిని.

ఫారెస్టు వాళ్ళు వచ్చి అడిగితే తీగ ఎవరిదో తెలీదని ఊరంతా చెప్పింది. ధనరాజ్ ఒక్కడే "మా మావది" అన్నాడు. గంగుల్ని తీసుకుపోయారు. అత్త తవిటమ్మ ధనరాజ్ మొహం మీదే తలుపేసింది.

సుహాసిని మెసేజులు ఆపేసింది. ఫోనూ ఎత్తలేదు. చివరికి ధనరాజే వచ్చి కాలేజీ గేటు దగ్గర తడుస్తూ నిలబడ్డాడు.

"మంద మల్లా తిరుగుతన్నాది. మీరు సెప్పకపోతే ఎలాగండి?"

"చెబితే కరెంటు పెడతారు. చెప్పకపోతే మనుషులు పోతారు. ఈ చదువు దేనికి ధనరాజ్?"

మళ్ళీ సుహాసినే నెమ్మదిగా అంది.

"మంద వచ్చే గంటల్లో ఆ వైపు కరెంటు లైనే ఆపేస్తే? మెసేజ్ ముందు కరెంటాఫీసుకి వెళ్తే?"

"ఊరంతా సీకట్లో కూకోవాలి. నన్ను తిడతారు." మొహం మీది వాన తుడుచుకున్నాడు. "తిట్టనీండి. ఎలాగూ అక్కడ నాతో మాటాడేవోళ్ళు లేరు. మీరు కూడా ఫోన్ ఎత్తకపోతే... నాను ఉండలేనండి."

ఆమె గొడుగు అతని వైపు జరిపింది. తన భుజం తడిసిపోతున్నా చూసుకోలేదు.

"ఎత్తుతాను," అంది. "ఇంక అండీ గిండీ వద్దు."

కరెంటాఫీసు వాళ్ళని ఒప్పించేసరికి కార్తీకం వచ్చింది. మంద వస్తోందని తెలిసిన మొదటి సాయంత్రం ఊళ్ళో దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. సుహాసిని, ధనరాజ్ తవిటమ్మ వాకిట్లో నిలబడ్డారు. దూరంగా కొమ్మలు విరుగుతున్నాయి. గంగులు ఇంకా ఇంటికి రాలేదు.

"ఆ గున్న ఉన్నాదా మందలో?" అరుగు మీంచి తవిటమ్మ గొంతు.

"ఉందమ్మా," అంది సుహాసిని. "వేరే ఏనుగు వెనకాల తిరుగుతోంది."

తవిటమ్మ చెంగుతో ముక్కు చీదుకున్న చప్పుడైంది.

"ఒరే ధనరాజా, సీకట్లో ఆ పిల్లని ఎంతసేపు నిలబెడతావురా? లోపలికి తీసుకురా. ఇద్దరికీ అన్నం ఎడతాను."