వెనక గది గోడలో ఆవిడ

వీధి చివరి ఇంటి వెనక గదికి చెడ్డపేరు వచ్చి చాలా కాలమైంది. పొద్దు వాలేవేళ పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడితే చాలు, పక్కగోడలో ఓ ఆడమనిషి నిలబడుతుందట. నిండు నెలల మనిషి. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఉండదు. నెత్తిన ట్యూబులైటు వేస్తే ఉండదు. వేళ తప్పని దెయ్యమన్నమాట — మన పనివాళ్ళకంటే నయం.

అద్దెకొచ్చినవాళ్ళు ముగ్గురు ఖాళీ చేశారు. ఇంటావిడ విసిగిపోయి, గది బాగుచేయిద్దామని ఓ రంగుల మేస్త్రిని పిలిచింది. అతను రెండో సాయంత్రమే బ్రష్షులు కూడా వదిలేసి వచ్చేశాడు.

ఆ రంగుల మేస్త్రి మట్టం మేస్త్రికి స్వయానా బావమరిది. అక్కడే వచ్చింది తంటా.

మట్టం మేస్త్రి యాభై ఏళ్ళుగా తాపీ పట్టిన మనిషి. పీట వంకరగా వేస్తే కూర్చోడు, పళ్ళెం వంకరగా పెడితే తినడు. ఆరేళ్ళ కిందట పదిమందిలో "బావకి చూపు ఆనడం లేదు" అన్నాడని బావమరిదితో మాటలు మానేశాడు. మానేశాడంటే మరీ పూర్తిగా కాదు... తిట్టడానికి మినహాయింపు ఉంది.

"దెయ్యమా దాని మొహమా! చేతకాని ప్లాస్టరింగు!" అన్నాడు భార్యతో, పక్క వాటాలో ఉండే బావమరిదికి వినపడేట్టు. "దెయ్యమే ఉంటే వాడి గుమ్మంలోకెళ్ళి, నాకంటే నువ్వే పనిమంతుడివిరా అంటా. లేదూ, ఆ గోడ చేసినవాడెవడో పట్టుకొచ్చి, నాలుగురోడ్ల మధ్య చెవులు పట్టించి వంద గుంజీళ్ళు తీయిస్తా!"

"మా తమ్ముడికి గోడ చూస్తే దెయ్యం కనిపించింది. మీకు మా తమ్ముణ్ణి చూస్తేనే పూనుతుంది," అంది భార్య.

గోడ లోపం తెలియాలంటే చీకట్లో పక్కనుంచి దీపం పెట్టాలి. ఎదురుగా వెలుతురు పడితే ఎంత వంకర గోడైనా పెద్దమనిషిలాగే కనిపిస్తుంది. దీపం గోడకి జానెడు దూరంలో, అడిగిన ఎత్తులో నిలబడాలి. అలాంటి స్టాండ్లు బజార్లో దొరుకుతాయి. కానీ పక్కవాడు చేసింది ఆయనకెప్పుడు నచ్చింది కనక!

పెరట్లో పడున్న పీవీసీ పైపు తీసి, హ్యాక్సా బ్లేడుతో కోశాడు. అడుగున రెండు కాళ్ళు, వాటిని కలుపుతూ ఓ అడ్డముక్క, దాని నడుమ టీ జాయింటు బిగించి నిలువు పైపు. తోస్తే పడకుండా కాళ్ళనిండా ఇసుక పోసి మూతలు కొట్టాడు. నిలువు పైపులోకి సన్న పైపు దూర్చి, బెత్తెడుకో చిల్లు పెట్టి, మేకు గుచ్చితే దీపం అక్కడే ఆగేట్టు చేశాడు. కొసన ఫోకస్ లైటు కట్టాడు. అంతా అయ్యాక ఎక్కడైనా వంకరుందేమోనని రసమట్టం పెట్టి చూశాడు.

"దీపం పెట్టే కర్రకి కూడా రసమట్టమా?" అంది భార్య.

"వంకరగా ఉంటే దెయ్యం నవ్విపోతుంది."

ఆ రాత్రి స్టాండు భుజాన వేసుకుని ఒక్కడే వెళ్ళాడు.

తలుపు తీశాడు. పాత సున్నం వాసన. గోడల మీద బల్లి కూడా లేదు... దెయ్యానికి జడిసి కాదు, తినడానికి పురుగు లేక.

స్టాండు గోడవారన నిలబెట్టాడు. ప్లగ్గు పెట్టాడు. స్విచ్చి నొక్కాడు —

ఆవిడ నిలబడి ఉంది.

తల... భుజం... ముందుకు పొడుచుకొచ్చిన కడుపు.

మట్టం మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. మళ్ళీ ముందుకొచ్చి, మేకు లాగి దీపం బెత్తెడు దించాడు. కడుపు పెరిగింది. స్టాండు మూరెడు జరిపాడు. ఆవిడ... ఒరిగింది.

"ఎవరే నువ్వు?" అన్నాడు గుసగుసగా.

కళ్ళు మూసుకుని గోడమీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. గట్టిగా ఉంది. సిమెంటు! వేలెడు మందాన ఉబ్బు.

హమ్మయ్య అనుకున్నాడు. వెంటనే పౌరుషం వచ్చింది. "చదును చేసే బద్ద పెట్టి ఒక్కసారి లాగితే పోయేదానికి... ఏ గుడ్డివెధవ చేశాడ్రా ఇది! వంద గుంజీళ్ళేం చాలుతాయి వీడికి?"

ఇంకెన్ని తప్పులున్నాయో ఏరుదామని, ఉత్సాహంగా దీపం పైకెత్తాడు. అప్పుడు కనిపించింది —

ఆవిడ భుజం పక్కన, పొరలు పొరల సున్నం కింద... ఓ అరచెయ్యి. పచ్చి సిమెంటు మీద ఎవడో ఆనుకున్న గుర్తు. ఎడమచెయ్యి. నాలుగు వేళ్ళూ నిండుగా ఉన్నాయి. చిటికెనవేలు మాత్రం సగమే ఉంది.

ఆయన దీపం ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

తర్వాత మెల్లగా తన ఎడమచెయ్యి ఎత్తి — చిన్నప్పుడు తలుపుసందులో పడి సగం పోయిన చిటికెనవేలితో సహా — ఆ గుర్తులో పెట్టాడు.

అతికినట్టు సరిపోయింది. యాభై ఏళ్ళలో ఆయన చేతికి ఏదీ ఇంత కచ్చితంగా కుదర్లేదు.

గుర్తొచ్చింది. పనిలో చేరిన మొదటేడు. అప్పుడీ ఇంటికి పై అంతస్తు లేదు, వాకిలి అటువైపు ఉండేది. ఓ సాయంత్రం, పెద్దమేస్త్రి అటు వెళ్ళగానే, ఇంటికి పోయే తొందరలో చివరి గోడకి బద్ద వెయ్యకుండానే మెత్తేసి పరుగెత్తాడు...

నాలుగురోడ్ల మధ్య. చెవులు పట్టుకుని. వంద. మోకాళ్ళు ఇప్పుడే కలుక్కుమన్నాయి.

"బావా..."

గుమ్మంలో బావమరిది. తోడుండమని అక్క పంపిందట. దీపం వెలుగుతూనే ఉంది. ఆయన చెయ్యి ఇంకా గోడమీదే ఉంది.

బావమరిది గోడ చూశాడు. ఆ గుర్తు చూశాడు. బావ చెయ్యి చూశాడు.

"ఏంటి బావా అది?"

మట్టం మేస్త్రి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "దెయ్యం... దెయ్యమేరా."

బావమరిది మీసం కదిలింది. నవ్వుతాడేమో — నవ్వితే బాగుండును, బతికినన్నాళ్ళూ తిట్టుకోవచ్చు.

నవ్వలేదు. వంగి స్విచ్చి ఆపేశాడు. చీకట్లో మెల్లగా అన్నాడు, "నే ముందే చెప్పలా... పద బావా, అక్క ఎదురుచూస్తోంది."

స్టాండు తనే భుజాన వేసుకుని ముందు నడిచాడు. మర్నాడు ఎవరూ లేవకముందే వెళ్ళి, ఆ ఉబ్బు, ఆ చెయ్యి, అంతా చెక్కి పారేశాడు. ఒక్కరికీ చెప్పలేదు. తన గుమ్మంలోకొచ్చి ఆ "నువ్వే పనిమంతుడివి" మాట అనమని అడగనూ లేదు.

బావమరిది చేసిన తప్పులు మట్టం మేస్త్రి మనసులో చాలానే పోగుపడి ఉన్నాయి. వయసు మీదపడ్డాక కొన్నిటిని పెద్దమనసుతో మాఫీ చేశాడంటారు. ఈ ఒక్కదాన్ని మాత్రం చచ్చేదాకా క్షమించలేదు.