చివరి వార్డులో ఎవరో తిప్పుతున్నారు

మా వృద్ధుల ఆసుపత్రి రెండో అంతస్తులో చివరి వార్డుంది చూశారూ, దానికి మంచి పేరు లేదు. రాత్రి పదింటికి తలుపు వైపు తిరిగి పడుకున్న రోగి, తెల్లారేసరికి గోడ వైపు తిరిగి ఉంటాడు. తనంతట తాను వేలు కూడా కదపలేని మనిషి! వీపుకి దిండు ఆనించి ఉంటుంది… దుప్పటికి ఒక్క ముడత ఉండదు… ఎవరు తిప్పారంటే ఆయాలు నేను కాదంటే నేను కాదనేవాళ్ళు.

మంచానపడ్డవాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపంతా పుండ్లే. ముప్పై ఒక్కమందికి రాత్రిపూట ఒక్క ఆయా. అయ్యే పనేనా? కాని పని జరిగిపోతోందంటే… దెయ్యమే అన్నారు. తెల్లటి ఆకారాన్ని చూశానంది ఒకామె. జీతం చాలక మానేసినవాళ్ళు కూడా పోతూ పోతూ నెపం దెయ్యం మీదే పెట్టి పోయారు.

నేను కింద గేటు దగ్గర వాచ్‌మన్ని. దెయ్యాల్ని నమ్మను. భయపడతాను, అది వేరే సంగతి.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఆయా పాతికేళ్ళ అమ్మాయి. రిలీవర్ రాక అప్పటికే అది రెండో రాత్రి. బదులు మనిషి వచ్చి సంతకం పెడితే గానీ డ్యూటీ దిగకూడదని మా రూలు. గేటు తాళంచెవి నా నడుముకే ఉంటుంది. పదింటికి కిందకొచ్చి, పక్కింటావిడ దగ్గర వదిలొచ్చిన కూతురికి ఒళ్ళు కాలిపోతోందనీ, ఒక్క గంట వెళ్ళొస్తాననీ బతిమాలింది. నేను పంపలేదు. నా ముందున్నవాడు అలా జాలిపడే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పైకెళ్ళమ్మా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ తరవాత పైన జరిగింది ఆ అమ్మాయి చెప్పిందే.

రెండింటికి పక్కింటావిడ నుంచి మళ్ళీ ఫోను. పిల్ల మూసిన కన్ను తెరవడం లేదని. ఇక ఆగలేకపోయింది. చివరి వార్డు వెనక మెట్ల తలుపు గుర్తొచ్చి అటు నడిచింది. ఎవరైనా లేస్తారని లైటు వెయ్యలేదు. గడియ తుప్పు పట్టి ఉంది. లాగింది… రాలేదు. చేతికి గుడ్డ చుట్టుకుని లాగింది… రాలేదు. కింద తాళం, ఇక్కడ గడియ. ఏడుపొచ్చేసింది.

వెనక… దుప్పటి లాగిన చప్పుడు.

తిరిగి చూస్తే, ఆరో మంచం మీదకి వంగి… తెల్లగా… ఎవరో. రోగి భుజం కింద చెయ్యి పెట్టి, మెల్లిగా గోడ వైపు తిప్పుతున్నారు. ఆ ఆకారం దిండు సర్ది, గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ దగ్గరికొచ్చింది. చల్లటి వేళ్ళతో అమ్మాయి మణికట్టు పట్టుకుంది.

"రిలీవర్ వచ్చిందా?"

తొమ్మిదో మంచం మామ్మ! పగలంతా కళ్ళు మూసుకుని, నోరు విప్పని మనిషి.

"రాలేదు మామ్మా… నా పిల్లకి జ్వరం…"

"నా పిల్లకీ జ్వరమే," అంది మామ్మ గుసగుసగా. "ఇద్దరం ఇక్కడే ఎందుకు? నువ్వు పో. నేనుంటాగా."

అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఇదంతా నాకు ఒక్క గుక్కలో చెప్పింది. ఈసారి నేను పైకెళ్ళమనలేదు. తాళం తీశాను. సమయానికే చేరింది లెండి, తెల్లారేసరికి పిల్ల కళ్ళు తెరిచిందట.

ముప్పై ఒక్కమందినీ మామ్మ మీద వదిలెయ్యలేను కదా. నేనూ పైకి బయల్దేరాను. మెట్లెక్కుతుంటే, మామ్మని చేర్పించిన రోజు ఆవిడ తమ్ముడు చెప్పింది గుర్తొచ్చింది. అక్కయ్య ముప్పై ఏళ్ళు ఆసుపత్రి ఆయాగా చేసిందట. ఒక్కతే కూతురు. రిలీవర్ రాక డ్యూటీలో ఉండిపోయిన ఓ రాత్రి, ఆ పిల్ల ఇంట్లో జ్వరంతో పోయిందట.

"కాళ్ళ వైపు పట్టు నాయనా," అంది నన్ను చూడగానే. పట్టాను. ఇద్దరం కలిసి ఎనిమిది మందిని తిప్పాం. ఆయాసపడుతోంది, కూర్చోమంటే వినదు.

చివరికి టైమెంతని అడిగింది. నాలుగన్నాను.

"ఇంకెంతసేపులే, తెల్లారేసరికి ఎవరో ఒకరు వస్తారు," అంది మొహం తుడుచుకుంటూ. "వాళ్ళు రాగానే నేను పోవాలి. పిల్ల ఒక్కతే ఉంది ఇంట్లో."