బ్యానర్‌లో ఒక అక్షరం ఎక్కువ

"మీ షాపులో చదువొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు గుమ్మంలో వర్షానికి తడిసి ముద్దయిన డాక్టరమ్మ నిలబడి ఉంది. చంకలో చుట్టిన బ్యానర్, కళ్ళలో నిప్పులు.

కౌంటర్ వెనక కుర్రాడు టీ గ్లాసు కింద పెట్టాడు. "నేనున్నానండీ. డిగ్రీ."

"అయితే ఇది చదవండి."

విప్పాడు. డాక్టర్ల సమ్మె కోసం అతను ప్రింట్ చేసిందే. 'మా జీవితం పెంచాలి.'

"నేను జీతం అని రాసిచ్చాను. మధ్యలో ఈ 'వి' ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఒక అక్షరం ఎక్కువే ఇచ్చాను కదండీ. ఛార్జి కూడా వెయ్యలేదు."

"పొద్దుట్నుంచీ దారినపోయేవాళ్ళంతా నూరేళ్ళు బతకమని దీవించి పోతున్నారు. జీతం మాట ఒక్కరూ ఎత్తట్లేదు."

ఆమెకే నవ్వొచ్చింది. కోపం పాడైపోతుందని ఆపుకుంది.

కొత్త బ్యానర్ అతనే తీసుకెళ్ళి సమ్మె టెంటుకు కట్టాడు. అక్కడే సంగతి తెలిసింది. అక్కడ ఎవరైనా ఏదో ఒక క్లినిక్‌లో పేరు నమోదు చేయించుకుంటేనే ఫ్యామిలీ డాక్టర్ చూస్తారు. ఆమె క్లినిక్‌లో ఒకప్పుడు అలాంటి డాక్టర్లు నలుగురు. పేషెంటుకు ఇంత అని ప్రభుత్వం లెక్కగట్టి ఇచ్చే జీతం క్షవరం ఖర్చుకైనా చాలక ముగ్గురు వెళ్ళిపోయారు. వాళ్ళ పేషెంట్లంతా ఈమె నెత్తిన పడ్డారు. పొరుగూరి పెద్ద హాస్పిటల్ రెట్టింపు జీతానికి రమ్మంటోంది. చర్చలు తేలకపోతే ఈమె కూడా వెళ్ళిపోతుంది.

ఆ మాట విన్నాక అతను రోజూ టెంటు దగ్గర తేలడం మొదలుపెట్టాడు.

"మీకు వేరే పనేం లేదా?" అడిగింది.

"బ్యానర్ ఎలా ఉందో చూద్దామని. గ్యారంటీ పీరియడ్ కదా."

"గ్యారంటీలో టీ, బిస్కెట్లు కూడా ఉంటాయా?"

"డాక్టర్లకి మాత్రమే."

మిగతా డాక్టర్లు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు.

చివరికి డాక్టర్లు అడిగినదాంట్లో సగం ఇవ్వడానికి ప్రభుత్వం దిగొచ్చింది. వెళ్ళినవాళ్ళలో ఒకాయన తిరిగొచ్చాడు. ఆమె ఉండిపోయింది. క్లినిక్‌లో కొత్త పేషెంట్లను చేర్చుకుంటున్నారని తెలియగానే అతను నాయనమ్మను వెంటబెట్టుకుని పరిగెత్తాడు. ఇన్నాళ్ళూ ఏ క్లినిక్‌లోనూ చోటు దొరక్క ఇద్దరికీ డాక్టర్ లేడు.

"మామ్మగారిని తీసుకుంటాను," అంది ఆమె, నాయనమ్మ చేతికి బీపీ పట్టీ చుడుతూ. "మిమ్మల్ని కాదు. ఇంకో క్లినిక్ చూసుకోండి."

అతని మొహం వాడిపోయింది. "బ్యానర్ కోపం ఇంకా పోలేదాండీ?"

"కోపం కాదు. రూల్." ఆమె మీటరు మీంచి చూపు ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "డాక్టరు తన పేషెంటుతో కాఫీకి వెళ్ళకూడదు."

"నేను కాఫీకి రమ్మనలేదే."

నాయనమ్మ నిట్టూర్చింది. "ఒరేయ్ మొద్దూ, ఇప్పుడు రమ్మను. ఏమనుకోకమ్మా, వీళ్ళ తాత కూడా ఇంతే. ప్రతిదీ నేనే విడమరిచి చెప్పాల్సొచ్చేది."

"మామ్మగారూ, మీరు మాట్లాడితే బీపీ తప్పు వస్తుంది."

"రానీ. ముందు వీడి సంగతి తేల్చు."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ సాయంత్రం కాఫీకి వస్తారా?"

"క్లినిక్ అయ్యాక వస్తాను," అంది ఆమె, ఈసారి నేరుగా అతని కళ్ళలోకి చూసి.

నాయనమ్మను ఇంట్లో దింపి, అటునుంచటే ఊరి చివరి క్లినిక్‌కు వెళ్ళి వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకున్నాడు.

"మీ వంతు రావడానికి రెండేళ్ళు పడుతుందండీ," అంది రిసెప్షనిస్టు. "ఈలోగా మీకేమైనా జబ్బొస్తే?"

"రానివ్వనండీ," అన్నాడు అతను, తల దువ్వుకుంటూ. "సాయంత్రం పనుంది."