మగ్గం మీది మొక్కుచీర

అమావాస్య… మిట్టమధ్యాహ్నం!

గద్వాల కోట వెనక నేతగాళ్ల వీధి శ్మశానంలా పడి ఉంది. అమావాస్యనాడు అక్కడ ఎవరూ మగ్గం ముట్టరు. నైరుతి నుంచి కారుమేఘాలు కమ్ముకొస్తున్నాయి. ఎక్కడో ఉరుము ఉరిమింది… పట్టపగలు గుడ్లగూబ కూసింది!

నవనీతకు మాత్రం ఆ ఉరుము కన్నా దండెం మీద ఆరని దుప్పట్ల బెంగే ఎక్కువ. సాయంత్రానికి అతిథి వస్తాడు.

భర్త కురుమూర్తి పోయాక ఆమె ఆ ఇంటి ముందుగదిని ఫోన్‌లో బుక్ చేసుకునేవాళ్లకు అద్దెకిస్తోంది. చీరలు కొనేవాళ్లు, ఆలంపూర్ జోగులాంబ దర్శనానికి వెళ్లేవాళ్లు ఒకటి రెండు రోజులుండి పోతారు. ముందుగదిలోని గుంతమగ్గంలో కాళ్లు పెట్టి ఫోటోలు దిగుతారు. వేన్నీళ్లున్నాయా, వైఫై ఉందా అని అడుగుతారు. తిన్నావా అని ఆమెను అడిగిన అతిథి ఇంతవరకు లేడు.

ఆ మగ్గం మీద జానెడు తక్కువగా ఒక చీర ఉండిపోయింది. కురుమూర్తి గుండెజబ్బు నయమైతే జోగులాంబకు పెడతామని మొక్కుకుని మొదలుపెట్టిన చీర అది. గద్వాల చీరకు ఒక్కరి చేతులు చాలవు. గుంతలో కూర్చుని ఆయన నూలుతో చీర ఒళ్లు నేస్తుంటే, పక్కన కూర్చుని ఆమె ప్రతి పోగుకూ పట్టు అంచు కలిపేది. జబ్బు నయం కాలేదు. అమ్మవారి మీద కోపంతో కొంత, చీర పూర్తయితే ఆయన చేతిపని అయిపోతుందన్న దిగులుతో కొంత, నవనీత దాన్ని ముట్టలేదు.

సగం నేత మగ్గం మీద ఉంటే పోయినవాడు పోలేడని ఎదురింటి జోగమ్మ ఎన్నిసార్లు మందలించిందో! పోకూడదనే కదా పిచ్చిదాని ఆశ. ఒక్కో రాత్రి వంటగదిలో పడుకుని, ముందుగదిలో మగ్గం కదిలిందేమోనని చెవులు రిక్కించేది. ఎప్పుడూ కదలలేదు.

ఇవాళ్టి అతిథి పేరు రాఘవేందర్. దేవుడి పటాలు తీసేయాలని, దీపం పెట్టొద్దని, మగ్గం గుంత ఊడవొద్దని ఫోన్‌లోనే చెప్పాడు. వీధిలో కుక్కలు మొరగకుండా చూడమన్న అతిథి కూడా ఉన్నాడు, ఇదో లెక్కా? ఆమె పటాలను చీరచెంగులో చుట్టి వంటగదిలో పెట్టింది.

దిండు దులిపితే నల్లతేలు పడింది! పట్టకారుతో తీసి బయట పారేసింది. స్నానాలగదిలో గబ్బిలం వేలాడుతోంది… చీపురుతో అదిలించింది. తువ్వాలు మడతలోంచి బల్లి భుజం మీదికి దూకింది. ఆ సారు చూస్తే ఫోన్‌లో స్టార్లు తగ్గిస్తాడన్నదే ఆమె భయం. తరిమినవి తరిమినట్టే తిరిగొచ్చాయి. మూడూ మగ్గం దూలం మీద చేరి కదలకుండా కూర్చున్నాయి.

వాన మొదలయ్యాక వచ్చాడు రాఘవేందర్. జడలు లేవు, బూడిద లేదు. ఇస్త్రీ చొక్కా, చక్రాల పెట్టె. క్షుద్రోపాసకుడికి ఇస్త్రీ చొక్కా ఉండదని ఎవరన్నారు?

తలుపు గడియ పెట్టాడు. పెట్టె తెరిచాడు. కుంకుమ పూసిన మానవ కపాలం! దాని కంటిగుంతల్లో చీకటి సుడులు తిరుగుతోంది…

నవనీత గోడకు అంటుకుపోయింది.

“భయపడకమ్మా. మీ ఆయన ఈడనే ఉన్నడు. మిగిలిన జానెడు నేస్తే మాట్లాడిస్త” అన్నాడు మెల్లగా.

ఆగిపోయిన ఆ చీరను అతిథులు ఫోన్‌లో పెట్టిన ఫోటోల్లో చూసే వచ్చాడతను. చెప్పనిది ఒకటుంది. అసంపూర్ణ వస్త్రానికి బద్ధమైన ప్రేతాన్ని, భార్య ప్రాణవాయువుతో ఆ వస్త్రం ముగించి వశం చేసుకుంటే… అది ఆ మాంత్రికుడికి ఆచంద్రతారార్కం బానిస! ఆఖరి పోగుతో ఆమె ఊపిరి ఆగుతుంది.

“ఒక్క మాట ఇనిపిస్తవా సారూ?” అంది నవనీత. అరిచి వీధిని పిలవాల్సిన మనిషి అడిగిన మాట అది. ఒంటరితనం మనిషిని అంత దిగజారుస్తుంది.

తనకు అంచు కలపడం తప్ప ఒళ్లు నేయడం రాదని చెప్పి, అలవాటు చొప్పున పక్కన కూర్చుంది. రాఘవేందర్ నవ్వి, కపాలాన్ని ఒళ్లో పెట్టుకుని తానే గుంతలోకి దిగాడు. ఆ చీర ఎవరిదని మాత్రం అడగలేదు. చచ్చినవాడిదే అనుకున్నాడు.

మంత్రోచ్చారణ మొదలైంది… దిక్కులు దద్దరిల్లాయి! దీపం లేని గదిలో నీలికాంతి పాకింది. పోగును మోసే నాడె దానంతటదే పరుగెత్తింది. నవనీత కళ్లు తేలిపోయాయి. ఆమె వేళ్లు ఆమెవి కావు… పోగు వెనక పోగు… ఒక్కో పోగుకూ ఒక్కో శ్వాస మగ్గంలోకి జారిపోతోంది! పెదవులు నల్లబడ్డాయి. ఒకే ఒక్క పోగు మిగిలింది.

అప్పుడు వినబడింది. పోగులు దూరే పన్నె పళ్ల సందుల్లోంచి, అలసిపోయిన గొంతు.

“నవనీతా… కొయ్యి.”

ఇన్నాళ్లూ ఎదురుచూసిన గొంతు! ఆ ఒక్క పిలుపుతో ఆమె వేళ్లు ఆమెకు దక్కాయి.

“కోస్తే మళ్ల జన్మల ఇనబడడు. నీ ఇష్టం” అన్నాడు మాంత్రికుడు పళ్లు కొరుకుతూ.

అది అబద్ధం కాదు. ఆమెకూ తెలుసు. కత్తెర మగ్గం గుంజకు వేలాడుతోంది. నవనీత వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే కత్తెర అందుకుంది. ఆ వీధిలో మొక్కుచీరను ఆడమనిషే కోయాలి, కోస్తూ మాట చెప్పాలి. ఆ మాట చెప్పేదాకా అది గుడ్డ… చెప్పాక అది అమ్మవారి సొత్తు!

“అమ్మా, నీ చీర నీకు” అని పడుగు కోసింది.

ఆకాశం రెండుగా చీలింది! దూలం మీది తేలు, బల్లి, గబ్బిలం ఒక్కసారిగా కదిలాయి. ఆలంపూర్‌లో జోగులాంబ జటల్లో ఏముంటాయో ఆ సీమలో పసిపిల్లలకూ తెలుసు… తేలు, బల్లి, గబ్బిలం, కపాలం! మూడింటిని తల్లి మధ్యాహ్నమే ముందుగా పంపింది. నాలుగోది ఆ మూర్ఖుడే స్వయంగా మోసుకొచ్చాడు!

కపాలం అతని ఒళ్లోంచి లేచి గాలిలో నిలిచింది. దాని వెనక జ్వాలాజటలు విప్పుకున్నాయి… తెగిన పడుగు పోగులు సర్పాల్లా లేచి మాంత్రికుణ్ణి చుట్టేశాయి. గుంత నోరు తెరిచింది. అతని ఆర్తనాదం ఉరుములో కలిసిపోయింది.

వాన వెలిశాక గుంతలో పిడికెడు బూడిద, నలగని ఇస్త్రీ చొక్కా మిగిలాయి.

మర్నాడు నవనీత బస్సెక్కి ఆలంపూర్ వెళ్లి చీర సమర్పించింది. కోపం పోయిందో లేదో ఆమెకే తెలియదు. తిరిగొచ్చి గుంత ఊడ్చి, కడిగి, పటాలు పెట్టి, దీపం వెలిగించింది. రేపటి అతిథులకు ఉతికిన దుప్పటి పరిచింది. పని అయ్యాక వెళ్లి మగ్గం పక్కన తన చోట కూర్చుంది. వీధిలో మగ్గాలన్నీ ఆడుతున్నాయి. ఈ ఇంట్లో మాత్రం ఏ చప్పుడూ లేదు, ఇక రాదు కూడా.

“నవనీతా, తిన్నవానే?” అని ఎదురరుగు మీంచి జోగమ్మ కేకేసింది.

ముసలిది రోజూ అడిగే మాటే. పోయినవాడి చప్పుడు కోసం చెవులప్పగించినదానికి ఇన్నాళ్లూ అది వినబడలేదు.

“ఇంకా తినలే పెద్దమ్మా, వస్తున్న” అని నవనీత లేచి వీధి దాటింది.