మామయ్య చిరునామా

“తిరుగుతోందా లేదా? ముందు అది చెప్పు,” అంది అత్తగారు.

“తిరుగుతోందమ్మా. మూత మీద ఇస్త్రీపెట్టె పెడితే తిరుగుతోంది. తీస్తే వంటింటి దాకా నీళ్ళు,” అన్నాడు ఆమె కొడుకు.

“తియ్యమని ఎవరన్నారు?”

వాషింగ్ మెషీన్ మార్చాలా వద్దా అన్న గొడవ ఆ ఇంట్లో చాలా రోజులుగా నానుతోంది. మామగారు పేపరు వెనక నుంచి బయటికి రాలేదు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్న కోడలి చెవిపోగు సన్నగా అదిరింది.

“నువ్వైనా చెప్పు,” అన్నాడు భర్త.

“సాయంత్రం చెప్తా,” అని ఆమె బయటపడింది.

ఇంట్లోవాళ్ళకి ఆమె సాఫ్ట్‌వేర్ నేర్పే ట్రైనర్. గూఢచారి శాఖకి ‘వదిన’.

కళ్ళజోళ్ళ షాపులో కౌంటర్ ముందు నిలబడి, “దూరం కనిపించడం లేదు,” అంది.

“దగ్గరిది చూస్తున్నారా?” అన్నాడు షాపతను. అక్షరాల బోర్డు పక్కకి జరిగింది. వెనక గదిలో పెద్దాయన ఉన్నాడు. శాఖకి బాస్.

“సెలైన్ ఫ్యాక్టరీ. ఆస్పత్రులన్నిటికీ వీళ్ళ సీసాలే. కొనుగోళ్ళు, గోడౌన్, డిస్పాచ్, జీతాలు, అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. ముసలిదైపోయింది. తయారుచేసినవాళ్ళే రిపేర్లు మానేశారు.”

“మార్చలేదా?”

“ఎప్పుడడిగినా ఇప్పుడు కాదంటారు. ఆ కంతల్లోంచే విదేశీ ముఠా లోపలికి దూరింది. ముడిసరుకు ఆర్డర్లు మార్చి ఒక బ్యాచ్‌లో విషం కలిపింది. చీఫ్ కెమిస్ట్ పట్టుకుని ఆపింది. సాక్ష్యం కోసం సీసాలు గోడౌన్‌లోనే ఉంచాం. ఇవాళ మధ్యాహ్నం అప్‌గ్రేడ్. ముఠా కోసం ఇన్నాళ్ళూ దానికి అడ్డుపడ్డ లోపలి మనిషెవరో నువ్వు తేల్చాలి. ముత్యాలు అక్కడే ఉంది. సాయం చేస్తుంది.”

ముత్యాలు కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీ కన్సల్టెంట్, శాఖకి రహస్యంగా సమాచారం ఇచ్చే మనిషి. మెడలో ముత్యాలదండ, పెదాల మీద నవ్వు. ఆ నవ్వు చూసి ఫైలు ఎందుకు తెచ్చారో మరిచిపోయినవాళ్ళు ఆ ఫ్యాక్టరీలో చాలామందే ఉన్నారు.

వదిన కెమెరా కళ్ళజోడు పెట్టుకుని, స్టీలు నీళ్ళ సీసా భుజాన వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళింది. ట్రైనింగ్ పేరుతో ఒక్కొక్కరినీ కదిపింది.

“పోయినసారి మార్చినప్పుడు కాన్పుల ఆస్పత్రికి పోవలసిన సీసాలు పశువుల ఆస్పత్రికి పోయాయండీ,” అన్నాడు డిస్పాచ్ మేనేజర్. “ఇప్పటికీ మా బావమరిది దూడ ఎలా ఉందని అడుగుతాడు.”

“దీన్నైతే కళ్ళు మూసుకుని నొక్కుతాను,” అంది అకౌంటెంట్. “కొత్తది వస్తే నిన్న చేరిన పిల్లా నేనూ ఒకటే.”

ఎండీ తలుపు దగ్గరగా వేశాడు. “మార్చాక పని ఆగితే నా మెడకి చుట్టుకుంటుంది. మార్చకుండా ఆగితే సాఫ్ట్‌వేర్ తప్పు. మీరైతే ఏం చేస్తారు?”

కుట్ర వాసన ఎక్కడా తగల్లేదు. పొద్దున ఇంట్లో విన్న మాటలే ఇక్కడ టై కట్టుకుని తిరుగుతున్నాయి. ఆమె ల్యాబ్‌కి వెళ్ళి చీఫ్ కెమిస్ట్ ముందు కూర్చుంది.

“మీ పాత సాఫ్ట్‌వేర్ మూత మీద ఇస్త్రీపెట్టె ఏదండీ?”

“ఏంటి?”

“మా మెషీన్ మూత మీద ఒకటుంది. తీస్తే ఇల్లంతా నీళ్ళు. మీరూ పైనుంచి ఏదో బరువు పెట్టుకునే ఉంటారు.”

కెమిస్ట్ నవ్వింది. “ఉంది. మామయ్య.”

పాడైన బ్యాచ్‌ని ఆపే మీట పాత సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఒకప్పుడెవరో ‘మామయ్య’ అని ఒక ఉత్తుత్తి కస్టమర్‌ని సృష్టించారు. చిరునామా లేదు. ఏ సీసాలు ఆపాలన్నా ఆయన పేరు మీద రాసేస్తారు. చిరునామా లేని సరుకు గోడౌన్ దాటదు.

“విషం బ్యాచ్ కూడా?”

“ఆయన పేరు మీదే ఉంది.”

“కొత్తది చిరునామా లేకుండా ఎవర్నీ ఒప్పుకోదే.”

కెమిస్ట్ నవ్వు ఆగిపోయింది. “ఖాళీలన్నీ నేను నింపుతానంది ముత్యాల మేడమ్. మామయ్య ఎలా ఉన్నాడో అలాగే వస్తాడనుకున్నాను. నన్నెవరూ అడగలేదు.”

వదిన తనకిచ్చిన ట్రైనింగ్ కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ తెరిచి చూసింది. మామయ్యకి ఇప్పుడు చిరునామా ఉంది. పిల్లల ఆస్పత్రి, సెలైన్ స్టోర్.

ఆమె మీటింగ్ హాలుకి పరిగెత్తింది. అందరూ తెర వైపు చూస్తున్నారు. కిటికీ అవతల వ్యాన్లు ఇంజిన్లు ఆపకుండా నిలబడ్డాయి. ముత్యాలు వేలు ల్యాప్‌టాప్ మీద ఉంది.

“ఆపండి,” అంది వదిన.

చెవిపోగులో పెద్దాయన గొంతు. “వదినా, తప్పుకో. అప్‌గ్రేడ్ జరగాలి. ఇది ఆర్డర్.”

“కుదరదు సార్. అడ్డుపడేది ఎవరో తేల్చమన్నారుగా. ఇప్పుడు నేనే.”

చెవిపోగు తీసి ఎదురుగా ఉన్న నీళ్ళ గ్లాసులో వేసింది.

“పాపం, కొత్తదంటే భయం,” అని అందరికేసీ చూసి నవ్వింది ముత్యాలు.

“భయం కాదమ్మా. మామయ్యని ఏ ఆస్పత్రికి పంపుతున్నావో అందరికీ చెప్పు.”

ముత్యాలు మీట నొక్కేసింది. తెర మీద ఆకుపచ్చ గీత పాకుతూ చివరికి చేరబోతోంది. వదిన స్టీలు సీసా మూత తిప్పింది. అందులోని జామర్ గుయ్యిమంది. నెట్‌వర్క్ పోయింది, గీత కొసన ఆగిపోయింది. ముత్యాలు నెట్‌వర్క్ వైరు అందుకోవడానికి ఒక చెయ్యి చాపి, ల్యాప్‌టాప్ మీదున్న రెండో చేత్తో లిప్‌స్టిక్ తెరిచింది. అందులో సూది మెరిసింది. ఆ సూది ఇంకా లేవకముందే వదిన ఆ చేతి మీద ల్యాప్‌టాప్ మూత మూసి, పైన మోచెయ్యి మోపి బరువంతా వేసింది.

“ఇస్త్రీపెట్టె తేలేదు,” అంది. “దీనితో సర్దుకో.”

ముఠా మనిషి ముత్యాలేనని తేలి, శాఖవాళ్ళు ఆమెని తీసుకెళ్ళాక ఎండీ చెమట తుడుచుకున్నాడు. “అయితే పాతదే ఉంచుకుంటాం.”

“ఉంచితే ముఠాకి తలుపు తీసిపెట్టినట్టే. మారుస్తారు. కాకపోతే ముందు ఈ కెమిస్ట్‌గారితో కూర్చుని, పాతదానిలో దాక్కున్న మామయ్యలందర్నీ బయటికి పిలవండి. ఈవిడ సరేనన్నాకే మీట నొక్కేది. మా పెద్దాయన కేకలేస్తే నాకు చెప్పండి.”

సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నాక ఆమె నెమ్మదిగా చెప్పింది.

“కొత్త మెషీన్ తెస్తున్నాం. పాతదానితో ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారో అత్తయ్య మనందరికీ చెప్తారు. ఆవిడ ఊఁ అన్నాకే పాతది గడప దాటుతుంది.”

అత్తగారు కొంగు సర్దుకుంది. “ఇస్త్రీపెట్టె మాత్రం ఇవ్వను.”

మామగారి పేపరు మొదటిసారి కిందికి దిగింది. “ఈ ఇంట్లో నా ఊసెత్తేవాళ్ళే లేరు.”

“పొద్దున్నుంచీ ఆఫీసులో మీ ఊసే మామయ్యా. మీ పేరు మీద వ్యాన్ల కొద్దీ సరుకు బయల్దేరబోతే నేనే వద్దన్నాను.”